కొత్తగూడలో పరగడుపు

సోమేశ్వరరావు చందానగర్‌లో ఇల్లు కదిలేసరికే కడుపు కాలిపోతోంది. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. పరగడుపున రక్తం ఇవ్వాలి. ఒక విశ్వవిద్యాలయం వాళ్లు హైటెక్ సిటీ ఉద్యోగుల మీద చేస్తున్న పరిశోధనలో అదే చివరి పరీక్ష, ఆ రోజే ఆఖరి రోజు. నడక, తిండి సరిచేసుకుంటే అంచు మీదున్న షుగరు వెనక్కి తగ్గుతుందా అన్నది వాళ్లు తేల్చాలి. సోమేశ్వరరావుకు కావలసింది అంత పెద్ద సంగతి కాదు. తగ్గితే మందుబిళ్లలు అక్కర్లేదని డాక్టరు మాటిచ్చాడు. సోమేశ్వరరావు నాన్న బిళ్లలతో మొదలుపెట్టి, చివరికి ఒక కాలు ఆస్పత్రిలో వదిలేసి వచ్చాడు. ఆ భయం కొడుకును ఏనాడూ వదల్లేదు.

ఈ పరిశోధనలోకి అతన్ని లాక్కొచ్చింది ఎల్లయ్య. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే కాలనీ. పొద్దున్నే కలిసి నడిచేవారు. సోమేశ్వరరావు భార్య పుణ్యవతికి జొన్నరొట్టె తట్టడం చేతకాదు గనక ఎల్లయ్య ఇంటి నుంచే రొట్టెలు వచ్చేవి. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక ఒకరోజు క్యాంటీన్‌లో, కోస్తా నుంచి వచ్చిన సోమేశ్వరరావు నోరు ఊరుకోలేదు.

"మేం రాకముందు ఇక్కడేముందండీ, రాళ్లగుట్టలేగా!" అన్నాడు.

అనవలసిన మాటా అది? ఆ గుట్టల పక్కనే ఎల్లయ్య తాత జొన్న పండించాడు. ఎల్లయ్య టిఫిన్ డబ్బా మూసేసి లేచిపోయాడు. ఆనాటి నుంచి రొట్టెలు బంద్, మాటలు బంద్. పుణ్యవతి నేర్చుకుని చేసిన రొట్టెలు అప్పడాల్లా విరిగేవి, అవే తిన్నాడు. నడక మాత్రం ఇద్దరూ మానలేదు. ముందు ఎల్లయ్య, వెనక సోమేశ్వరరావు, కాలనీ చుట్టూ మూగ ఊరేగింపు. చూసేవాళ్లకు నవ్వొచ్చేది.

సకల జనుల సమ్మె కాబట్టి బస్సుల్లేవు, ఆటోల్లేవు. నడుస్తూ కొత్తగూడ చేరేసరికి చౌరస్తాలో వంటా వార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు, వాటి మీద గుండిగలు, ఎదురుగా పంక్తులు. రోడ్డు మీదే వండి రోడ్డు మీదే తినడం ఆ నిరసన పద్ధతి. దారిన వచ్చినవాడెవడైనా కూర్చోవలసిందే. అన్నం వద్దంటే ఉద్యమం వద్దన్నట్టే.

కండువా వేసుకున్న రాములు అనే ఆయన సోమేశ్వరరావు చేతిలో అన్నం వడ్డించిన విస్తరి పెట్టాడు. "కూసో అన్నా, తిను."

"వద్దండి. నేనిప్పుడు తినకూడదండి."

ఆ 'అండి'తోనే అతను ఎక్కడివాడో తెలిసిపోయింది. రాములు మొహం మారింది. "ఎందుకు తినవు? మా అన్నం చేదా?"

"రాత్రి నుంచి ఉపవాసం అండి."

"ఉపవాసమా? సమైక్యపోళ్ల దీక్షనా ఏంది?"

వెనక ఎవరో నవ్వారు. మరొకరు నవ్వకుండా దగ్గరికొచ్చారు. ఒక్క ముద్ద తింటే బయటపడొచ్చు. కానీ ఆ ముద్దతో ఇన్నాళ్ల నడకా, విరిగిన రొట్టెలూ నీళ్లపాలే. నాన్న కాలు గుర్తొచ్చింది. అయినా చెయ్యి అన్నం మీదికి వెళ్లింది.

"జర ఆగుండ్రి!" గుండిగ వెనక నుంచి ఎల్లయ్య గరిటెతో సహా వచ్చాడు. "ఆయన పరగడుపున రక్తమియ్యాలె. ఇయ్యాల ఆఖరు దినం."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు రాములు.

"నేను గూడ ఇయ్యాల్సినోన్నే."

ఎల్లయ్య సోమేశ్వరరావు చేతిలోని విస్తరి తీసి పక్కన పెట్టి, భుజం పట్టుకుని జనం మధ్య నుంచి దాటించాడు. అవతలికి వచ్చాక సోమేశ్వరరావు అడిగాడు. "మరి మీరు రారా, ఎల్లయ్యగారూ?"

"వంటాయన రాలె, గరిటె నా చేతికిచ్చిండ్రు. యాది మరిచి ఉప్పు చూసిన. నాదైతే పోయింది రావ్‌సాబ్. నీదన్న పోవద్దు, నడువు."

రైళ్లు కూడా లేవు. హైటెక్ సిటీలో పరిశోధన నర్సు రెబెక్కా హఫీజ్‌పేట్ నుంచి నడిచొచ్చి మరీ కూర్చుంది. రక్తం తీసుకుని, ఒక చుక్క చిన్న మిషను మీద వేసి చూసింది.

"గీత కిందికి వచ్చేసింది సార్. బిళ్లలు అక్కర్లేదు."

సోమేశ్వరరావుకు కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఆవిడ బిస్కెట్లు ఇవ్వబోయింది. "వద్దమ్మా, అక్కడ నా విస్తరి ఉంది," అని బయల్దేరాడు.

చౌరస్తాలో రాములు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎల్లయ్య వడ్డించాడు. సోమేశ్వరరావు ఆబగా తిన్నాడు.

"ఉప్పెక్కువైంది ఎల్లయ్యగారూ."

"గా ఉప్పు చూసే గదా నా పరీక్ష పాయె!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సోమేశ్వరరావు తలెత్తకుండానే అన్నాడు. "ఆ రోజు ఆ మాట అని తప్పు చేశానండీ."

ఎల్లయ్య ఇంకో గరిటె చారు పోశాడు. తర్వాత అడిగాడు. "రేపు పొద్దుగాల నడుస్తవా?"

"పరిశోధన అయిపోయిందిగా అండీ."

"అయితే ఏంది? ఇగ నా యెనక గాదు, పక్కపొంటి నడువు."