రత్నమాల అతికిన తీగలు

రా బిడ్డా, ఇటు దగ్గరికి జరుగు. ఆ ఫోను అవతల పెట్టు. ఇది సిరిసిల్లలో జరిగిన ముచ్చట. చెవులతో వింటే చాలదు, ఒళ్లంతా చెవులు చేసుకొని వినాలి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. సిరిసిల్లలో సాంచెలు కూడా ఆగిపోయాయి. పగలనక రాత్రనక టకటకమని బట్ట నేసే ఆ మరమగ్గాల చప్పుడులోనే పుట్టి పెరిగిన జనం, అది ఒక్కసారిగా ఆగేసరికి ఏదో వస్తువు పోగొట్టుకున్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత నిశ్శబ్దంలో సద్దుల బతుకమ్మ వచ్చింది. ఈసారి నడిరోడ్డు మీదే ఆడాలని వాడలోని ఆడవాళ్లందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు.

రత్నమాల గుబులు మాత్రం వేరే. ఆమె అత్త చిన్నవ్వ నలభై ఏళ్లుగా ఆ వాడ బతుకమ్మకు పాట ఎత్తుకునే మనిషి. ఆమె ఒక వరుస అంటే వందమంది అందుకోవాలి. కానీ వయసు మీదపడి గొంతు సన్నబడింది. పోయిన ఏడు వెనక ఉన్నవాళ్లకు వినబడక, ముందువాళ్లొకటి వెనకవాళ్లొకటి పాడారు. చప్పట్లు తప్పాయి. పడుచుపిల్లలు నవ్వారు. చిన్నవ్వ ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంది. ఆనాటి నుంచి కూనిరాగం కూడా తీయలేదు.

అందుకే రత్నమాల కోరుట్లలో సౌండ్ బాక్సుల దుకాణం నడిపే అమీనుద్దీన్‌ను రమ్మంది.

"ఈపారి మైకుల పాడుదువు అత్తా."

"గప్పుడు గూడ ఇనవడకుంటే?"

"ఎందుకు ఇనవడదు?"

"ఇనవడకుంటే మాత్రం గిదే ఆఖరు పిల్లా. మల్ల నా నోట్లకెల్లి పాట రాదు."

అత్త ఒకమాట అన్నదంటే అన్నదే. అది రత్నమాలకు తెలుసు.

పండుగనాడు మధ్యాహ్నం బాక్సులు, మిక్సరు ట్రాలీ ఆటోలో దిగాయి. తోలుకొచ్చిన జలపతి ఒక్కడే దిగాడు. వెనక బండి మీద బయలుదేరిన అమీనుద్దీన్ రుద్రంగిలో చిక్కుకుపోయాడు. ఆటో దాటిన కాసేపటికే అక్కడ రోడ్డు మూసేసి, నడిమధ్య పొయ్యిలు వెలిగించి వంటావార్పు మొదలుపెట్టారట.

"అక్కా, నన్ను పోనిస్తలేరు," అన్నాడు ఫోనులో, నోటి నిండా ముద్దతో. "జై తెలంగాణ అను, అన్నం తిను అని కూసోవెట్టిన్రు. పప్పు రెండోపారి ఏసిన్రు. పొద్దుమూకేదాక ఇడువరట."

మహిళా సంఘం నడిపే పుష్ప నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇగ మైకు ముచ్చట ఇడిసిపెట్టు వదినా. జలపతన్న ఆటోల డెక్కు ఉన్నది. సీడీ పెడితే ఒక్క వైరుతోని మోగుతది."

"నాకు గదొక్కటే వస్తది," అన్నాడు జలపతి. "గా మిక్సర్ల చెయ్యి పెడితే భాయ్ నన్ను తంతడు."

పేర్చిన బతుకమ్మ పక్కన కూర్చున్న చిన్నవ్వ ఒళ్లో పడ్డ పూలు దులుపుకుంది. కొంగు తలమీదికి లాక్కొని లేచింది.

"ఎటు పోతున్నవ్ అత్తా? కూసో," అంది రత్నమాల. తర్వాత మిక్సరు దగ్గరికి వెళ్లింది.

వెనకంతా బొక్కలే. పక్కన ముద్దగా తీగలు. ఏది ఎక్కడికి పోతుందో తెలియదు. కానీ రత్నమాల చేసేది వైపని. సాంచె మీద పాత పడుగు అయిపోతుంటే, కొత్త పడుగును దాని కొసలకు ఒక్కొక్క పోగుగా, బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెట్టి అతికే పని. రోజుకు వేల పోగులు. కాసేపు నిలబడి చూసేసరికి ఆ ముద్దలో ఆమెకు కొసలు కనబడసాగాయి.

"భాయ్, నువ్వు తినుకుంటనే చెప్పు. నేను అతుకుత."

"ఇంగ్లీషు సదువస్తదా అక్కా?"

"తెలుగే సగం వస్తది."

"అయితే ఇను. పై వరుస పక్కన నిలువు గీతతోని మొదలైన మాట ఉంటది సూడు. గవి లోపటికి వచ్చేటియి. కింది వరుస పక్కన సున్నతోని మొదలైతది. గవి బయటికి పొయ్యేటియి. మైకు వైరు గీతకు. సున్నకెల్లి ఎర్రది తెల్లది తీసి, పక్కన గొంతు పెంచే బరువు మిషిన్‌కు. ఆ మిషిన్‌కెల్లి బాక్సులకు. సమజైందా?"

"మనిషి లెక్కనే గద. చెవుల పడ్డది నోట్లకెల్లి వస్తది."

"అరె వా!"

రత్నమాల బొడ్డు దగ్గర చెక్కుకున్న రంగు దారాలు తీసింది. తీగ ఈ కొసకు పసుపు పోగు కడితే ఆ కొసకూ పసుపే కట్టింది. ఎక్కడా తడబడలేదు. ఆడవాళ్లు చుట్టూ మూగారు. చిన్నవ్వ కూడా తొంగిచూసింది.

"గీ మిక్సీల ఏం నూరుతవే?"

"నీ పాటనే అత్తా. మెత్తగ నూరి అందరికీ పంచుత."

అన్నీ అయ్యాక ఒక తీగ మిగిలింది. రెండు కొసలూ ఖాళీ. వైపనిలో ఒక్క పోగు వదిలినా బట్ట పొడవునా గీత పడుతుంది, సేటు ఆ బట్ట ముఖాన కొడతాడు. ఆమె చెయ్యి ఏనాడూ కొసను వేలాడనివ్వలేదు. సున్న వరుసలో ఒక బొక్క ఖాళీగా ఉంది, గీత వరుసలో ఒకటి ఖాళీగా ఉంది. అక్కడొక కొస, ఇక్కడొక కొస పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకుంది.

ముందు మిక్సరు, ఆఖరున బరువు మిషిన్, అమీనుద్దీన్ చెప్పిన వరుసలోనే స్విచ్చులు వేసింది. మెల్లగా మీటలు పైకి జరిపింది.

కుయ్యిమని కూత! పావురాలు లేచిపోయాయి. చంకలో పిల్లలు గుక్కపట్టారు. జలపతి ఒక్క దుముకులో ఆటో వెనక దాక్కున్నాడు. రత్నమాల మీటలన్నీ కిందికి గుంజింది.

"నేను నోరు తెరవకముందే గట్ల ఏడుస్తున్నది," అంది చిన్నవ్వ. నవ్వులాటగానే అన్నది గాని కళ్లలో నీళ్లు. పుష్ప చేతిలోకి సీడీ వచ్చేసింది.

"ఏం పెట్టినవ్ అక్కా? గా కూత ఈడిదాక ఇనవడ్డది!" అన్నాడు ఫోనులో అమీనుద్దీన్.

"మిగిలిన వైరును సున్నకెల్లి గీతకు అతికిన. కొస ఇడిసిపెడితే ఎట్ల భాయ్?"

అటువైపు ముద్ద అడ్డం పడ్డట్టు దగ్గు. తర్వాత పొట్టచెక్కలయ్యే నవ్వు. "యా అల్లా! బయటికి పొయ్యేదాన్ని మల్ల లోపటికి తోలినవ్. దాని అరుపు అదే ఇని మల్ల అరుస్తది. గది ఉత్త స్పేర్ వైరు. కొన్ని బొక్కలు ఖాళీగనే ఉండాలె అక్కా. పీకెయ్."

అతికినదాన్ని చేతులారా విప్పడం ఆమెకు అదే మొదటిసారి. వేళ్లు ఒప్పుకోలేదు. కళ్లు మూసుకొని పీకింది. మళ్లీ మీటలు జరిపింది. కూత లేదు. మైకు తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టింది.

చిన్నవ్వ దాన్ని కరిచే జీవిలా ఎడంగా పట్టుకుంది. ముందు ఆమె ఊపిరి వినబడింది. రెండు బాక్సుల్లోంచి, పెద్దగాలిలా. వాడంతా ఆగిపోయింది.

"గది నాదేనా?" అంది ఆమె.

నాదేనా అన్న ఆ మాట వీధి చివరిదాకా పోయి, మూసి ఉన్న సాంచెల కార్ఖానా గోడకు తగిలి తిరిగి వచ్చింది. చిన్నవ్వ అటు తిరిగి, ఎవరో పిలిచినట్టు చూసింది. తర్వాత కళ్లు మూసుకొని ఎత్తుకుంది.

"సిరిసిల్ల సాంచెలు ఉయ్యాలో, సెలవు వెట్టినయమ్మ ఉయ్యాలో..."

గొంతు మారలేదు బిడ్డా. అదే సన్నని గొంతు, అదే వణుకు, మధ్యలో అదే జీర. కానీ ఆకాశమంత అయింది. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడు ఉన్న చోటంతా ఇప్పుడు ఆ గొంతే ఉంది. ఆఖరి వరుస అందుకుంది. మేడల మీది ఆడవాళ్లు అందుకున్నారు. అవతలి వీధి దీక్షా శిబిరంలో మగవాళ్లు లేచి నిలబడ్డారు. రత్నమాల మిక్సరు మీద చెయ్యి ఆనించింది. వేలికొసల కింద పోగు నడిచినట్టు పాట నడుస్తోంది. తన చేతులు అతికిన దారిలోంచే పోతోంది.

మిక్సరు మీద పెట్టిన ఫోను గుర్తొచ్చి చెవికి ఆనించుకుంది.

"ఫోను వెట్టకు అక్కా," అన్నాడు అమీనుద్దీన్, గుసగుసగా. "స్పీకర్ పెట్టిన. ఈడ గంటెలు ఇడిసిపెట్టి ఇంటున్నరు."

అతని వెనకాల, రుద్రంగి రోడ్డు మీద, పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు చిన్నవ్వకు ఉయ్యాలో అని బదులిస్తున్నారు.

పుష్ప సీడీని కవరులో పెట్టేసి చప్పట్లలో కలిసింది. చీకటి పడేదాకా చిన్నవ్వ మైకు వదలలేదు. ఇంటికి నడుస్తూ కూడా లోలోపల ఏదో అనుకుంటూనే ఉంది, వచ్చే ఏటి పాట కట్టుకుంటూ.

ఇది మరవకు బిడ్డా. రేపు నీ పిల్లలను కూర్చోబెట్టుకొని చెప్పు. చెప్పేటప్పుడు ఆ మిగిలిన తీగ సంగతి దాచకు. కూత కూడా పెట్టి చెప్పు, నీ నోటితోనే. అప్పుడే వాళ్లకు ఆ తర్వాత చిన్నవ్వ తీసిన ఊపిరి వినబడుతుంది.