కృపావరం మూసిన దారి

మూడో చెత్తడబ్బాలో కొత్త సంచి తొడిగి, అంచు మడిచి, మూత బిగించాడు కృపావరం. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. మూడు రోజులుగా కురుస్తున్న వాన తెల్లవారుజామునే తెరిపి ఇచ్చింది. కార్లు నిలిపేచోట గుంటల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. మరుగుదొడ్లు కడగడం అయింది. ఇక మిగిలింది లోపలి దారులు రెండూ ఒకసారి నడిచి రావడం.

అడవి అనడమే గాని, అమెరికాలోని నేపర్‌విల్ అంచున రెండు కాలనీల మధ్య కొట్టేయకుండా మిగిలిపోయిన ముప్పై ఎకరాల చెట్లు అవి. ఒక పక్క వాగు, ఇంకో పక్క హైవే. కౌంటీ సర్కారు వాళ్లు చుట్టూ కంచె వేసి, రెండు దారులు పరిచి, ఆరేడు బెంచీలు వేసి వదిలేశారు. ఏడాదిలో ఎక్కువ భాగం కుక్కల్ని తిప్పేవాళ్లు తప్ప ఎవరూ రారు. ఏప్రిల్ ఆఖరులో మాత్రం దానికి పెళ్లికళ వస్తుంది. ఓక్ చెట్లు చిగురించి నీడ పట్టేలోపే నేలంతా బ్లూబెల్స్ అనే నీలం గంటల పువ్వులు పూస్తాయి. ఆ రెండు వారాలూ శని ఆదివారాల్లో కారు పెట్టడానికి చోటుండదు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన ఒక ముసలావిడ ఏటా వచ్చి, తమ ఊరి పక్కనున్న చిన్న అడవి కూడా ఇలాగే ఉంటుందనీ, కాకపోతే అక్కడి పువ్వులు ఇంకా తల వంచుకుని ఉంటాయనీ కృపావరానికి ఏటా కొత్తగా చెబుతుంది. అతనూ ఏటా కొత్తగానే వింటాడు.

అతనికి యాభై ఏడేళ్లు. సన్నగా, నల్లగా, కొంచెం వంగిన భుజాలతో ఉంటాడు. కౌంటీ వాళ్లిచ్చే చొక్కాల్లో అతనికి సరిపోయే కొలత లేదు. చేతులు మూడు మడతలు మడిచి తొడుక్కుంటాడు. పదిహేను రోజులకొకసారి మీసానికి రంగు వేస్తాడు గాని తలకు వేయడు. ఎడమచేతి బొటనవేలి గోరు మధ్యకు చీలి ఉంటుంది. అది రాజమండ్రిలో, కర్రల అడితిలో గుమస్తాగా ఉన్నప్పుడు దుంగ కింద పడి చీలింది.

అడితిలో పందొమ్మిదో ఏట చేరాడు. లారీల మీద వచ్చిన దుంగల్ని కొలవడం, పుస్తకంలో రాయడం అతని పని. కొలిచే ముందు ప్రతి దుంగనీ ఇనపకడ్డీతో మూడుచోట్ల తట్టేవాడు. తట్టిన చోట పలికే పలుకును బట్టి లోపల గట్టిగా ఉందో, డొల్లయిందో చెప్పేసేవాడు. షావుకారు ఇంకే విషయంలోనూ అతని మాట అడిగేవాడు కాదు గాని, "ఏరా కృపావరం, ఇది డొల్లా?" అని మాత్రం కోత పెట్టే ముందు తప్పకుండా అడిగేవాడు. ఇరవయ్యొక్కేళ్లలో రెండుసార్లు తప్పాడు. ఆ రెండూ అతనికి గుర్తే.

భార్య విమలకుమారి నర్సు. తొంభై నాలుగులో ఆమెకు ఇక్కడి హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. అతను ఆమె వెనకాల, కూతురి చెయ్యి పట్టుకుని విమానం దిగాడు. మూడేళ్లు గోడౌన్లలో పెట్టెలు మోశాడు. ఆ తర్వాత ఈ పని దొరికింది. చర్చిలో కొత్తవాళ్లు "అంకుల్, మీరేం చేస్తారు?" అని అడిగితే "ఫారెస్ట్‌లోనమ్మా" అంటాడు. వాళ్లు పెద్ద ఆఫీసరనుకుని ఇంకొంచెం మర్యాదగా నిలబడతారు. విమలకుమారి పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంటుంది.

వాగు దారి చూసి వచ్చి, కృపావరం గుట్ట దారి ఎక్కాడు. బ్లూబెల్స్ ఒత్తుగా పూసేది ఇక్కడే. గుట్ట మీద, దారి పక్కనే పెద్ద రెడ్ ఓక్ ఉంది. ఇద్దరు మనుషులు చేతులు కలిపితేగాని కాండం అందదు. దాని కింద రెండు పొడవాటి బెంచీలు ఉన్నాయి. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకునేదీ, తెచ్చుకున్నది తినేదీ అక్కడే.

అతను చెట్టుకు పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. గుట్ట పైవైపు, కాండానికి రెండు గజాల అవతల, నేల మీద ఒక పగులు ఉంది. వంకరగా, మూరెడు పొడవున సాగి, వేలు దూరేంత వెడల్పుంది. నిన్న లేదు. పగులుకు ఇవతల నేల కాస్త ఉబ్బి ఉంది, కింద ఎవరో భుజం పెట్టి ఎత్తుతున్నట్టు.

నడుముకున్న సుత్తి తీసి, తిరగేసి, చెక్కపిడితో కాండం మీద తట్టాడు. గట్టిగా పలికింది. మోకాళ్ల మీద కూర్చుని మొదట్లో, వేళ్లు విడిపోయేచోట తట్టాడు. అక్కడ పలుకు మారింది. చుట్టూ తిరిగి, ప్రతి వేరు మీదా తట్టుకుంటూ వచ్చాడు. ఏడు వేళ్లలో అయిదు డొల్ల. బురద చేతులతోనే ఫోన్ తీశాడు.

సూపర్‌వైజర్ ఎరిక్‌కి ముప్పై నిండలేదు. అడవుల చదువు చదివినవాడు, మంచివాడే. కృపావరం చెప్పినదంతా విని, సోమవారం ట్రీ ఇన్‌స్పెక్టర్ని పంపిస్తానన్నాడు. చెట్టు నిండా చిగుళ్లున్నాయి కదా అన్నాడు. ఏడాదిలో జనం వచ్చేది ఈ ఒక్క వారమే, గుట్ట దారి మూసేస్తే ఆఫీసుకి ఫిర్యాదులు వస్తాయి, మూయొద్దన్నాడు.

కృపావరం ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడతాడు, మాట మాటకీ మధ్య చోటు వదిలి. "ఎరిక్, కాండం బాగుంది. చిగుళ్లు కూడా బాగున్నాయి. వేళ్లు లేవు. ఇవాళ పడుతుందో, పది రోజులకి పడుతుందో నాకు తెలీదు. పడుతుందని తెలుసు. నేను దారి మూస్తున్నాను. మూయొద్దని నువ్వు చెప్పావనీ, నేను వినలేదనీ నా పేరు మీదే రాసుకో."

పద్నాలుగేళ్లలో అతను పైవాళ్ల మాట కాదనడం అదే మొదటిసారి.  ఎరిక్, మధ్యాహ్నం వచ్చి మాట్లాడతానని ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతులో కోపం ఉందో లేదో కృపావరం ఆలోచించలేదు. బండిలోంచి పసుపు టేపు తెచ్చి, గుట్ట దారికి రెండు కొసల్లోనూ చెట్టు నుంచి చెట్టుకు నాలుగు వరసలు కట్టాడు.

పదకొండున్నరకి అతను వెళ్లే తెలుగు చర్చి వాళ్లు వచ్చారు. పాతికమంది, ఏడు కార్లు. ఏటా ఇదే శనివారం గుట్ట మీద ఓక్ కింద ప్రార్థన చేసుకుని, పాటలు పాడుకుని, పులిహోర తిని వెళ్తారు. ఈ ఏర్పాట్లన్నీ చేసేది జెమీమా. ముప్పై అయిదేళ్లుంటాయి, చర్చి పాటల బృందాన్ని నడుపుతుంది, దేనికైనా లిస్టు రాసుకునే మనిషి. ఆమె ముందు వీల్‌చైర్‌లో ఆమె అత్తగారు, ఒళ్లో శాలువా కప్పుకుని కూర్చుంది.

"వందనాలు అంకుల్! టేపు ఏంటి? రోడ్ క్లోజ్ చేశారా?"

"వందనాలమ్మా. గుట్ట మీదకి వద్దు ఇవాళ. చెట్టు బాగోలేదు."

జెమీమా టేపు మీదుగా పైకి చూసింది. ఓక్ ఎండలో లేతాకుపచ్చగా, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. గాలి లేదు.

"బానే ఉంది కదా అంకుల్! అందరికీ మెయిల్ పెట్టాను, గుట్ట మీదే అని. మా అత్తమ్మ ఈ పువ్వులు చూద్దామని పొద్దున్నుంచీ రెడీ అయి కూర్చున్నారు. హాఫెనవర్ అంతే. మీరు మనవాళ్లే కదా, ప్లీజ్."

వెనకాల ఎవరో, "ఆయనేం చేస్తాడు, పైనుంచి ఆర్డరు అయ్యుంటుంది" అన్నారు.

"పైనుంచి కాదండీ. నేనే మూశాను" అన్నాడు కృపావరం.

వీల్‌చైర్‌లో ఉన్నావిడ తల ఎత్తి అతన్ని ఎగాదిగా చూసింది. "నాకు ఎనభై ఒకటి బాబూ. వచ్చే ఏడు నేనుంటానో లేదో. నా మీద పడితే పడనీ ఆ చెట్టు."

"మీ ఒక్కరి మీదే చూసుకుని పడదు గదమ్మా" అన్నాడతను. నవ్వలేదు. "వాగు పక్కన కూడా పూశాయి. దారి ఎగుడుదిగుడు. కుర్చీ నేను తోస్తాను, రండి."

జెమీమా మొహం ముడుచుకుంది. లిస్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది. అందరూ గొణుక్కుంటూనే వాగు దారి పట్టారు.

వాన బురదలో చక్రాలు దిగబడుతుంటే, రెండుచోట్ల మనిషితో సహా కుర్చీ ముందుభాగం పైకెత్తి దాటించాడు కృపావరం. అరగంట పట్టింది. ఎడమ భుజం లాగింది. ఆగి చేతులు దులుపుకుని మళ్లీ తోశాడు. వాగు మలుపు తిరగగానే ఒడ్డంతా నీలం. గుట్ట మీద ఉన్నంత ఒత్తుగా లేవు గాని, నీళ్ల దాకా దిగి ఉన్నాయి. ముసలావిడ వంగి ఒక పువ్వును వేలితో పైకెత్తి చూసింది.

"మీదేవూరు బాబూ?"

"రాజమండ్రండీ. అడితిలో చేసేవాణ్ణి."

"మాది కొవ్వూరు. ఏటికి ఆ గట్టూ ఈ గట్టూ" అంది. ఇంక చెట్టు మాట ఎత్తలేదు.

భోజనాలయ్యాక రెండో పాట సగంలో ఉంది. రెండూ ఇరవై అయి ఉంటుంది. ముందు గుట్ట మీదనుంచి పక్షులు ఒక్కసారిగా లేచాయి. తర్వాత తడిగుడ్డ చింపినట్టు ఒక చప్పుడు, సాగింది, సాగింది, ఆగింది. ఆ తర్వాత కాళ్ల కింద నేల అదిరింది. వాగులో నీళ్లు వణికాయి. పాట దానంతటదే ఆగిపోయింది.

 జెమీమా చేతిలో పాటల పుస్తకం అలాగే తెరిచి ఉంది.  "అంకుల్..." అంది.

"మీరిక్కడే ఉండండమ్మా. ఎవరూ కదలొద్దు" అని కృపావరం టోపీ తీసి చేత్తో పట్టుకుని గుట్ట వైపు నడిచాడు.

చెట్టు దారికి అడ్డంగా పడుకుని ఉంది. వేళ్లమోడు మనిషి ఎత్తున పైకి లేచింది, దాన్నుంచి మట్టి ఇంకా రాలుతోంది. ఒక బెంచీ కనిపించనే లేదు. రెండోదాని ఇనపకాళ్లు మాత్రం కొమ్మల మధ్యనుంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. చిగుళ్లు ఎప్పటిలాగే మెరుస్తున్నాయి, తమకింకా ఏమీ తెలియనట్టు. పొద్దున్న తను చెప్పిందే నిజమైనందుకు అతనికి సంతోషమేమీ కలగలేదు. తప్పినవాటి లెక్క మూడయినా బాగుండుననిపించింది. కాండం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

మూడింటికి ఎరిక్ వచ్చాడు. చెట్టుని చూశాడు, బెంచీ కాళ్లని చూశాడు. సారీ అన్నాడు. కృపావరం చెయ్యి పట్టుకుని వదలలేదు. "సోమవారం ఆ వేళ్లు ఎలా తట్టాలో నాకు నేర్పించు" అన్నాడు.

"నేర్పిస్తాను. కష్టం కాదు. చెవి ఉంటే చాలు" అన్నాడు కృపావరం.

చర్చి వాళ్లు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి చేతులు కలిపారు. వెనకాల నిలబడి 'పైనుంచి ఆర్డరు' అన్న పెద్దమనిషి కూడా వచ్చి కలిపాడు. జెమీమా మిగిలిన పులిహోర అంతా డబ్బాలో సర్ది ఇచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముసలావిడ అతని నెత్తి మీద చెయ్యి పెట్టాలని కుర్చీలోంచి చెయ్యి చాపింది. అందలేదు. అతనే వంగాడు.

అయిదింటికి రంపాల వాళ్లు వచ్చి, దారికి అడ్డమున్నంత మేర కాండాన్ని కోసి, దుంగను పక్కకు దొర్లించి వెళ్లిపోయారు. కొత్తగా కోసిన కర్ర పులిసిన వాసన గుట్టంతా పట్టింది. ఆ వాసన ముక్కుకు తగలగానే కృపావరం ఇంటికి వెళ్లడం మానేసి దుంగ ముందు చతికిలపడ్డాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. రంపాల వాళ్లు వదిలేసిన నీలం మైనపు పెన్సిల్ ముక్క ఒకటి రంపపు పొట్టులో దొరికింది.

బెరడు దగ్గర మొదటి చుట్టు నిరుటిది. అక్కడినుంచి వేలిగోటితో లోపలికి లెక్కపెట్టుకుంటూ పోయాడు. పదిహేడో చుట్టు తను ఈ దేశం వచ్చిన ఏడు. ఇరవై అయిదోది ఎనభై ఆరు, గోదావరి వరదకి అడితిలో దుంగలన్నీ కొట్టుకుపోయిన సంవత్సరం. ఇక్కడ ఆ చుట్టు పుష్టిగా, వెడల్పుగా, ఏ కష్టమూ ఎరగనట్టుంది. ముప్పై ఎనిమిదోది అతను అడితిలో చేరిన ఏడు. యాభై ఏడోది పుట్టిన ఏడు. అది దాటాక ఇంక అతనికి తెలిసిన సంవత్సరాలు లేవు. అయినా ఆపలేదు. చుట్లు సన్నబడ్డాయి, తలవెంట్రుకలంత అయ్యాయి. నూట ముప్పై ఒకటి దగ్గర వెలుగు చాలలేదు. అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, కళ్లజోడు మడిచి, లేచాడు. నడుం పట్టుకుని, ఒక నిమిషం నిలబడి, గేటు వేసి ఇంటికి వెళ్లాడు.

విమలకుమారి డ్యూటీ నుంచి వచ్చి చారు కాస్తోంది. గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ జరిగింది చెప్పాడు. వంటింట్లోంచే వింటోందామె.

"పాతికమందా!" అంది. "మీరు మూయకపోతే ఏమయ్యేదండీ?"

"మూశాను గదా" అన్నాడు. "ఆ చెట్టు వయసు ఇంకా తేలలేదు విమలా. రేపు చర్చి అయ్యాక అటోసారి వెళ్లొద్దాం. నీకూ చూపిస్తాను."

"సరే గాని, లేచి స్నానం చెయ్యండి. చారు మరిగింది."

జవాబు రాలేదు. ఆమె గరిటె చేత్తో పట్టుకునే వచ్చి చూసింది. అతను గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. కుడికాలి బూటు విప్పి పక్కన పెట్టి ఉంది. ఎడమకాలి లేసు ముడి ఊడింది గాని, బూటు కాలికే ఉంది. ముప్పై ఏళ్లుగా ఎందరెందరి నాడో పట్టి చూసిన మనిషి ఆమె. అతని మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టగానే ఆమెకు తెలిసిపోయింది. అయినా చాలాసేపు ఆ వేళ్లు తియ్యలేదు.

ఆదివారం చర్చిలో అతని కోసం పాడారు. ఆ మధ్యాహ్నం గుట్ట మీదకి ఎవరూ వెళ్లలేదు. అక్కడ దారి పక్కన దుంగ పడి ఉంది. కోసిన మొహం మీద, నూట ముప్పై ఒకటో చుట్టు దగ్గర నీలం గీత ఉంది. దాని లోపల, మధ్య చుక్క దాకా, లెక్కపెట్టని చుట్లు ఇంకా ఉన్నాయి.