దూది దగ్గు

దబ్బనం పైనుంచి గుచ్చి, పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి, మొన దొరకబుచ్చుకుని లాగింది. దారాన్ని పిడికిలికి చుట్టి బిగించింది. పరుపు మధ్యలో గుంట పడింది. ఏళ్ల తరబడి దారం కోసిన గీత ఆమె అరచేతిలో బొగ్గుతో గీసినట్టు నల్లగా ఉంటుంది. పరుపుల షెడ్డులో అందరికీ ఆమె దబ్బనం అత్త. అసలు పేరు జీతాల రోజు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

షెడ్డంతా దూది నుసి. కనుబొమల మీద, చెవి తమ్మెల మీద వాలి పడుచువాళ్లనూ ముసలివాళ్లను చేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం లోకమంతా ఈమధ్యే నేర్చుకుంది. ఆమెకు అది పెళ్లయిన నాటి అలవాటు.

గేటు దగ్గర బల్ల వేసి కరోనా టీకాలు వేయడం ఇది మూడోసారి. సూది పట్టుకుని కంపెనీ డాక్టరే కూర్చున్నాడు. పక్క వరసలో పరుపులకు తొడిగే గలేబులు కుట్టే కూతురు రెండో టీకా కూడా వేయించుకుని, భుజం రుద్దుకుంటూ వచ్చింది.

"లేమ్మా, లైను తగ్గింది."

"నువ్వు వేయించుకున్నావుగా, చాల్లే."

దూది ఏకే మిషను దగ్గరామె అందుకుంది. "మూరెడు దబ్బనంతో పొద్దస్తమానం కుస్తీ పడతావు, ఆ చీమంత సూదికి జడుస్తావా అత్తా? లేకపోతే నీక్కూడా ఫోనులో వచ్చిందా, టీకా వేసుకుంటే రెండేళ్లలో పోతారని?"

"రెండేళ్లు ఉంటానని రాసిస్తే ఇప్పుడే వేయించుకుంటానే!"

షెడ్డు గొల్లుమంది. కూతురు మాత్రం నవ్వలేదు. పరుపు అంచున చతికిలబడింది.

"నాన్న ఎట్లా పోయాడో చూశావుగా. నువ్వూ పోతే నాకెవరున్నారే?"

"చూశాను కాబట్టే."

ఆయన ఈ షెడ్డులోనే దూది ఏకేవాడు. దగ్గితే పక్కింటివాళ్లు నిద్ర లేచేవాళ్లు. వెళ్లిన ప్రతిసారీ ఈ డాక్టరే ఛాతీకి గొట్టం ఆనించి, "దూది దగ్గు. ఏం కాదు. వేడినీళ్లు తాగు," అని మళ్లీ పనిలోకి తోలేవాడు. బయట ఆసుపత్రిలో ఫొటో తీసేనాటికి ఊపిరితిత్తులు చిల్లుల గోనె. పోయాక కూడా మీసానికి నుసి వదల్లేదు. తడిగుడ్డతో ఆమే తుడిచింది.

గేటు దగ్గర డాక్టరు ఎవరి భుజమో తడుతున్నాడు. "ఏం కాదు, ఏం కాదు."

"విన్నావా? అదే నోరు," అంది. "మందు మంచిదే కావచ్చు. ఆ చెయ్యి మీదే నాకు నమ్మకం లేదు."

"ఆయన కాకపోతే ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా వేయించుకో. ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటావా?"

"అందరూ ఆ చెట్టు కాయలే."

దబ్బనంలో దారం ఎక్కించి మళ్లీ కుట్టుకు కూర్చుంది. కాసేపటికి బల్ల ఎత్తేశారు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం పనిలో ఉండగా దగ్గు మొదలైంది. ముందు పొడిగా, తర్వాత లోపలెవరో గోకుతున్నట్టు. దారం బిగించడానికి పిడికిట్లో బలం చాల్లేదు. కూతురు పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

"కాలిపోతోందమ్మా! పద, చూపిద్దాం."

"దూది దగ్గేనే. ఏం కాదు. కాసిని వేడినీళ్లియ్యి."

అది ఎవరి మాటో ఆమెకు తట్టలేదు. కూతురికి తట్టింది.

ఇంట్లోనూ అదే మాట మీద ఉంది, మాట్లాడే ఊపిరి ఉన్నంతకాలం. జబ్బు కూతురికీ అంటింది. రెండు రోజులు జ్వరం కాసి వదిలింది. బతిమాలి, చివరికి తిట్టి, కూతురు ఆమెను ఆసుపత్రికి చేర్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. అక్కడ మంచం మీద రెక్సిన్ పరుపు. కుట్టు కోసం కాబోలు, వేళ్లతో దాన్ని తడుముతూనే ఉండటం అద్దం తలుపులోంచి కూతురికి కనిపించింది. తెల్లవారేసరికి ఆ వేళ్లు ఆగిపోయాయి.

షెడ్డులో ఆమె కుడుతున్న పరుపును ఎవరూ ముట్టుకోలేదు. సగం కుట్టిన వరస చివర దబ్బనం నిలువుగా దిగబడి ఉంది, బిగించని దారం దాని నుంచి కిందికి వేలాడుతోంది, దాని మీద నుసి మెల్లగా వాలుతోంది.