ఉప్పునీటి అద్దం

నేను ఒక మాస్కుని. ఆ మాట వినగానే చెవులకు తగిలించుకునే గుడ్డముక్క గుర్తొచ్చి మీరు ముఖం చిట్లిస్తే తప్పు మీది కాదు. కానీ నేను ఆ జాతిదాన్ని కాదు. సముద్రంలో తల ముంచి అడుగున ఏముందో చూడాలనుకునేవాళ్లు కళ్లకూ ముక్కుకూ కలిపి పెట్టుకునే అద్దాన్ని. ముందు గట్టి గాజు, చుట్టూ మెత్తటి రబ్బరు, వెనక తలకు బిగించే పట్టీ. పక్కన ఒక వంపు గొట్టం. దాని ఒక కొస నోట్లో, రెండో కొస నీటి పైన. దేవుడు చేపకు ఊరికే ఇచ్చినదాన్ని మనిషి ఇంత సరంజామాతో సంపాదించుకుంటాడు. ఆ పైన చేపను చూసి పాపం నోరులేని జీవి అని జాలిపడతాడు.

నేను పుట్టిన ఫ్యాక్టరీ కిటికీలోంచి సముద్రం కనిపించేది కాదు. గాజు ఒకచోట, రబ్బరు ఒకచోట తయారై చివరికి ఒక బల్ల మీద కలిశాం. ఆ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నన్ను ముఖానికి అదిమి, ముక్కుతో గాలి లోపలికి పీల్చింది. నేను ఊడిపోకుండా ఆమె ముఖానికి అతుక్కుని ఉండిపోయాను. అదే నా పరీక్ష. పాస్ అయ్యానని పెట్టెలో పడేసింది. రోజంతా ఇలా ముఖానికి మాస్కులు అదుముకునే ఆ అమ్మాయి ఎప్పుడైనా నీళ్లలో తల ముంచిందో లేదో నాకు తెలియదు.

అక్కణ్నించి ఓడెక్కి అండమాన్ వచ్చాను. పోర్ట్ బ్లెయిర్‌లో డైవింగ్ నేర్పే ఒక దుకాణంవాళ్లు నన్ను కొన్నారు. ఎందరి ముఖాల మీదో కూర్చున్నాను. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఆఫీసు స్నేహితులు, ఏదో పందెం కట్టి వచ్చినవాళ్లు. పగడపు దిబ్బల మధ్యకు దిగి కూడా చాలామంది చేపల వంక చూసేవాళ్లు కాదు, కెమెరా వంక చూసేవాళ్లు. ఆ కెమెరా వెనకాల తాబేలు ఒకటి తాపీగా ఈదుకుంటూ పోయిన రోజు నాకు బాగా గుర్తు. దాన్ని చూసింది నేనొక్కదాన్నే.

ఒకరోజు నా పట్టీ తెగింది. దుకాణంవాళ్లకు నాతో పని తీరిపోయింది. పాత సామాన్ల బస్తాలో చాలాకాలం పడి ఉన్నాక, ఒక గంప ఎండుచేపలు ఇచ్చి ఆ బస్తా మొత్తాన్ని పట్టుకుపోయింది చోడిపల్లి పోలమ్మ. అలా నేను నీల్ ద్వీపం చేరాను.

పోలమ్మ తాత ఏనాడో శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పనికోసం వచ్చాడట. ఆమె అక్కడే పుట్టి, ఈ చిన్న ద్వీపానికి కోడలిగా వచ్చింది. వచ్చేపోయే యాత్రికులతో హిందీ, ఇరుగుపొరుగుతో బెంగాలీ, కోపం వస్తే తెలుగు. ఒడ్డున కొబ్బరిబోండాలు, కోసిన పండ్లు అమ్మేది. రెండు చెట్ల మధ్య తాడు కట్టి మమ్మల్ని వేలాడదీసి అద్దెకు ఇచ్చేది. తెగిన నా పట్టీ బదులు సైకిలు ట్యూబు ముక్క కట్టింది. గాజు మీద ఆవిరి పట్టకుండా లోపలివైపు ఇంత ఉమ్మి రాసి సముద్రపు నీళ్లతో కడిగేది. అది ఏమిటని అడిగినవాళ్లకు "మందు" అని చెప్పేది. వాళ్లూ నమ్మేవాళ్లు.

ఈత రాని ఆడవాళ్లొస్తే పోలమ్మే రబ్బరు చక్రం పట్టుకుని, చీర ఎగదోపి, వాళ్లతో పాటు నీళ్లలోకి దిగేది. ఆ కబురు లాడ్జీలకు పాకి, వాళ్లు పోలమ్మను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

సలోమి అలా వెతుక్కుంటూ వచ్చిన మనిషి కాదు. ఒక చలికాలం పొద్దున పడవ దిగి, అద్దె సైకిలు తీసుకుని, ఎటు తోస్తే అటు తొక్కుతూ మా ఒడ్డుకు వచ్చింది. నలభై దాటిన మనిషి. నూనె రాసి బిగించి అల్లిన జడ, కాలికి తెల్ల కాన్వాసు బూట్లు. సైకిలు చెట్టుకి ఆనించి, బూట్లు విప్పి, ఇసుకలో కాళ్లు చాపుకుని కూర్చుంది. అంతే. గంటలు గడిచినా ఫోను తీయలేదు, పుస్తకం తీయలేదు. సముద్రం దూరంగా వెనక్కి పోయి, రాళ్లు తేలి, ఎండ్రకాయలు అటూ ఇటూ పరిగెడుతుంటే చూస్తూ ఉంది. ఒక కొత్త జంట వచ్చి ఫొటో తీయమని అడిగితే తీసి పెట్టింది. "మీరొక్కరే వచ్చారా?" అని వాళ్లు ఎంత జాలిగా అడిగారంటే, ఆమె ఏదో పోగొట్టుకుని వచ్చిందనుకోవాలి ఎవరైనా. మనుషులకు ఇదొక విచిత్రం. ఇంట్లో అందరి మధ్యా ఎవరితోనూ మాట్లాడకుండా బతికేవాణ్ని చూసి జాలిపడరు. ఒడ్డున హాయిగా ఒంటరిగా కూర్చున్నవాణ్ని చూస్తే మాత్రం ఆగలేరు.

ఫొటో అడిగినప్పుడు ఆమె నోట వచ్చిన తెలుగు ముక్క పోలమ్మ చెవిన పడింది. కత్తి పక్కన పెట్టి బోండాం పట్టుకుని వెళ్లింది.

"ఏ ఊరమ్మా మీది?"

"కరీంనగర్."

"ఒక్కర్తివే వచ్చినావేటి?"

"ఒక్కదాన్నే."

"మరి మీ ఇంటోళ్లు?"

"ఇంటికాడ ఉన్నరు. మంచిగనే ఉన్నరు." సలోమి నవ్వింది. "ఏం కాలేదమ్మా. నాకే రావాలనిపించింది, వచ్చిన."

పోలమ్మకు ఆ జవాబు నచ్చింది. నచ్చినందుకు అక్కడే చతికిలబడింది. "ఏటి పని సేస్తావు?"

సలోమి జవాబు చెప్పేముందు బోండాం నీళ్లు రెండు గుటకలు తాగింది. "టీచర్ని," అంది.

మధ్యాహ్నం దాటి నీరు మళ్లీ ఒడ్డు పట్టింది. పచ్చగా, అద్దంలా, అలలేకుండా. పోలమ్మ తాడు మీద నుంచి నన్ను తీసి ఆమె చేతికిచ్చింది. "ఇంత దూరం వచ్చి పైపైన సూసి ఎలిపోతావా? రా, లోపల సూద్దువు గాని." సలోమి కాసేపు నన్ను తిప్పి తిప్పి చూసింది. గొట్టాన్ని మాత్రం చేత్తో తాకలేదు.

నడుములోతు నీళ్లలో నిలబెట్టి పోలమ్మ నన్ను ఆమె ముఖానికి బిగించింది. అంత దగ్గరగా మనిషి కళ్లు చూసే భాగ్యం నాకు తప్ప ఎవరికుంది? అలసిన కళ్లు. నిద్ర చాలని అలసట కాదది. గొట్టం కొస నోట్లో పెట్టుకుని, తల వంచి, నీళ్లలో ముఖం పెట్టిందో లేదో, ఆమె పళ్లు దాన్ని కరిచేశాయి. ఊపిరి లోపలికి పోలేదు. కళ్లు పెద్దవయ్యాయి. విసురుగా లేచి నన్ను నుదుటి మీదికి లాగేసింది. గొట్టం ఉమ్మేసింది. గాలి మింగుతున్నట్టుగా ఎగపోస్తూ, పోలమ్మ భుజం పట్టుకుంది.

"నాతోని కాదు. తీసెయ్, ఆ పైపు తీసెయ్."

మిగతా గైడులైతే ఏం కాదు, భయపడకండి, పైసా వసూల్ అంటూ మళ్లీ ముంచేవాళ్లు. పోలమ్మ గొట్టాన్ని నా పట్టీలోంచి ఊడదీసి తన బొడ్డులో దోపుకుంది. "పోతే పోనియ్యమ్మా. గొట్టం లేదని సముద్రం ఎక్కడికీ ఎలిపోదు. ఊరికే నిలబడు." ఇద్దరూ అలా చేతులు పట్టుకుని నీళ్లలో నిలబడ్డారు. అటుగా పోతున్న పడవవాడు ఏమైందని కేకేస్తే, "కబుర్లాడుకుంటున్నాం, నీకేటి?" అని పోలమ్మ కసిరింది.

కాసేపటికి సలోమే నన్ను మళ్లీ కళ్ల మీదికి దించుకుంది. ఊపిరి బిగబట్టి తల ముంచింది. ఆమె పాదాల పక్కనే నీలం రంగు నక్షత్రపు చేప ఒకటి పడుకుని ఉంది. లేచింది, మళ్లీ ముంచింది. మూడోసారో నాలుగోసారో లేచి, పోలమ్మ ముందు చేయి చాపింది. పోలమ్మ గొట్టం తీసి ఇచ్చింది.

"నోటితోటి, మెల్లగా తియ్యమ్మా ఊపిరి. తొందర లేదు. నానున్నాను, నీ సెయ్యి ఒగ్గను."

అప్పుడు ఒకటి జరిగింది. బయటి ఉప్పునీరు లోపలికి రాకుండా చూడటం నా పని. అది నాకు బాగా వచ్చు. కానీ నా లోపలే ఉప్పునీరు పుడితే ఏం చెయ్యాలో నన్ను తయారు చేసినవాళ్లు చెప్పలేదు. సలోమి కళ్లలోంచి నీళ్లు జారి నా అడుగున నిలిచాయి. ఆమె తుడుచుకోలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని, అలాగే, నీళ్ల మీదికి ఒరిగింది.

మొదట్లో ఆమె ఊపిరి పరిగెత్తింది. తర్వాత నడిచింది. ఆ తర్వాత, రబ్బరు చక్రం మీద ఒక చెయ్యి, పోలమ్మ చేతిలో ఒక చెయ్యి వేసి తేలుతూ ఉంటే, ఊపిరి తన ఇంటికి తాను వచ్చినట్టు నిదానంగా లోపలికీ బయటికీ వచ్చి పోవడం మొదలెట్టింది. నీళ్ల కింద వేరే చప్పుడేమీ ఉండదు. ఆకుపచ్చ చిలకచేపలు పగడాన్ని కొరికే కటకట, గొట్టంలో ఆమె ఊపిరి, అంతే. ఒక చేప ముక్కు నా గాజుకి తగిలించి వెళ్లింది. సలోమి దేన్నీ వెంబడించలేదు, దేన్నీ చూపించమనలేదు. ఎదురొచ్చినదాన్ని చూసింది. వాలిన పొద్దు వెలుగు నీటి అడుగున ఇసుక మీద వల పరిచినట్టు కదులుతుంటే దాన్నే చాలాసేపు చూసింది. పోలమ్మ వేళ్లు నాని ముడతలు పడ్డాయి కానీ, ఇక చాలు అనలేదు.

ఒడ్డుకు వచ్చాక సలోమి నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోలమ్మ చెట్టు చాటుకు పోయి పాదానికి పాతగుడ్డ చుట్టుకుంటోంది. నీళ్లలో పగడం గీరుకుని కాలు కోసుకుపోయింది. చెప్తే సలోమి మధ్యలోనే ఒడ్డుకు వచ్చేస్తుందని చెప్పలేదు. సలోమి చూసింది. అంతే, ఆ మనిషే మారిపోయింది. సంచీలోంచి నీళ్ల సీసా, దూది, గాజుగుడ్డ బయటికొచ్చాయి. పోలమ్మ వద్దు వద్దంటున్నా పాదాన్ని తన ఒళ్లోకి లాక్కుని, గాయం కడిగి, లోపల ఇరుక్కున్న పగడపు నలుసులు ఒక్కొక్కటే తీసి, కట్టు కట్టింది. "ధనుర్వాతం సూది ఎప్పుడు ఏయించుకున్నవ్?"

పోలమ్మ ఆమె చేతుల వంకే చూస్తోంది. "నువ్వు టీచరమ్మవి కాదు," అంది.

సలోమి గట్టిగా నవ్వేసింది. "కాదు. నర్సుని. ఐసీయూల చేస్త." పడవలో పక్కన కూర్చున్నవాళ్లకు నర్సునని చెప్తే చాలు, సంచీలోంచి షుగరు రిపోర్టులు బయటికొస్తాయని, ఈ ఒక్కరోజైనా ఎవరి రోగమూ వినకూడదనుకున్నానని చెప్పింది. తర్వాత నవ్వు తగ్గింది. "ఆ కరోనా ఏడాది ఎంతమందికి నోట్ల ఊపిరి గొట్టం పెట్టినమో. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని, మెల్లగ ఊపిరి తీస్కో, నేనున్న అని చెప్పిన. అందరికీ అదే మాట. కొందరు లేచి ఇంటికి పోయిన్రు. కొందరు పోలే. అప్పటిసంది నాకే ఊపిరి నిండుగ రాదు. డాక్టర్లు అన్ని పరీక్షలు చేసి ఏం లేదంటరు. ఇగ ఈ పని వద్దు, మానేస్త అనుకొనే ఇటు వచ్చిన." కట్టు కొసను ముడివేసి, "నువ్వు నీళ్లల్ల అన్న మాట ఉన్నది చూడు, అది నాకు ఎవ్వరూ చెప్పలే," అంది.

పోలమ్మకు పెద్ద మాటలు రావు. "ఇప్పుడు సెప్పీసినాను గదా," అంది.

పొద్దు సముద్రంలోకి దిగిపోయింది. మర్నాడు పొద్దున్నే సలోమి సైకిలు మీద వచ్చి, పోలమ్మను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని, సూది వేయించడానికి ఆసుపత్రికి తీసుకుపోయింది. దారిలో ఇద్దరూ ఒకసారి అరటిచెట్లలో పడ్డారట. ఆ సంగతి పోలమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పడవ వేళకు సలోమి వెళ్లిపోయింది. పని మానుతుందో లేదో ఆమె చెప్పలేదు, పోలమ్మ అడగలేదు.

వానాకాలంలో మా ఒడ్డుకు ఎవరూ రారు. అలాంటి ముసురు రోజున, సలోమి ఇచ్చిపోయిన నంబరుకు పోలమ్మ ఫోను చేసింది. అవతల ఏవో యంత్రాలు కీచుమంటున్నాయి, ఎవరో సిస్టర్ సిస్టర్ అని పిలుస్తున్నారు. "డ్యూటీల ఉన్న పోలమ్మా, రాత్రికి చేస్త. కాలెట్లుంది?" అంది సలోమి గొంతు. ఆ గొంతులో తొందర ఉంది, ఆయాసం లేదు. పోలమ్మ ఫోను పెట్టేసి, "ఎంత బిజీయో మా నర్సమ్మ!" అని బెంగాలీ పొరుగామెతో గొప్పలు పోయింది.

ఆ తర్వాతి ఎండాకాలానికి నా రబ్బరు పగిలింది. నీళ్లు కారే మాస్కు ఎవరికి కావాలి? ఇంత బతుకూ బతికి పెంటకుప్పలో పడతాననే అనుకున్నాను. పోలమ్మ గాజు కిందికి వచ్చేలా నన్ను బోర్లా తిప్పి, పగుళ్లకు జిగురు పూసి, పండ్ల బల్ల మీద పెట్టింది. ఇప్పుడు నా గుంటలో ఉప్పూ కారం కలిపి పోస్తుంది. మనుషులు పుల్లమామిడి ముక్కలు అద్దుకుని తింటారు. పులుపు తగలగానే, ఎంతటివాళ్లయినా, ఏ దేశంవాళ్లయినా, కళ్లు గట్టిగా మూసేసుకుంటారు. చూడటం కోసమే అంత దూరం వచ్చినవాళ్లు! కింద నుంచి ఆ ముఖాలు చూస్తూ ఉంటాను. ఫొటోలో ఎప్పుడూ లేనంత అందంగా ఉంటారు.