చిలకపచ్చ చొక్కాలు

పరాయి దేశం, భాష రాని ఊరు, వెంట ఇద్దరు పిల్లలు. ఎక్కడ తప్పిపోతారోనని ఆ తల్లికి బయల్దేరక ముందు నుంచే కంటి మీద కునుకు లేదు. ఆమె దర్జీ. చివరికి తనకొచ్చిన విద్యనే నమ్ముకుంది. ఎవరూ కొనక కొట్టు మూలన పడున్న చిలకపచ్చ గుడ్డ తాను దులిపి, ఇంటిల్లిపాదికీ చొక్కాలు కుట్టేసింది. ఎంత దూరాన ఉన్నా కళ్లు జిగేల్మనాల్సిందే.

"మనల్ని చూసి చిలకలు కూడా నవ్వుతాయే," అన్నాడు మొగుడు. అన్నాడే కానీ తొడుక్కున్నాడు.

నాలుగేళ్ల చిన్నాడికి పొద్దున లేస్తే ఒకటే పాఠం. "నాదో నాన్నదో అక్కదో, పచ్చ చొక్కా అంచు పట్టుకో నాన్నా. ఏం జరిగినా వదలకు." వాడు బుద్ధిగా తలూపేవాడు. పదమూడేళ్ల పెద్దపిల్ల మాత్రం మొహం మాడ్చుకుని తిరిగింది. ఆ వయసే అంత, అమ్మ ప్రేమ కూడా నలుగురిలో నామోషీగా ఉంటుంది.

ఆ రోజు ఊరు చూద్దామని పెద్ద రైల్వేస్టేషనుకు వచ్చారు. ఇసుక వేస్తే రాలనంత జనం. మొగుడు టికెట్ల వరసలో నిలబడ్డాడు. పెద్దది బాత్రూముకని లేచింది.

"తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లవే," అంది తల్లి. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత తన నోటిని తనే తిట్టుకుంది.

పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది, లోపల వేసుకున్న నల్ల టీషర్టుతో.

"వాడేడే?"

"గుమ్మం దగ్గర నించోమన్నాను. తల దువ్వుకుని వచ్చేసరికి లేడు. నీ దగ్గరికే వచ్చాడనుకున్నా."

"నీ చొక్కా ఏది?"

"లోపల చక్రాల చెత్తడబ్బా ఉంటే అందులో పడేశానమ్మా. అందరూ నన్నే చూస్తున్నారు."

తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. మొహాలు కాదు, రంగు చూసుకోమని నేర్పింది తనే. ఇప్పుడు వాడు ఏ రంగు వెతుక్కుంటూ పోయినట్టు?

పరుగున వెళ్లి చూస్తే గుమ్మం దగ్గర వాడు లేడు, లోపల ఆ డబ్బా కూడా లేదు. పక్కనే రైళ్లు వస్తున్నాయి, తలుపులు మూసుకుని పోతున్నాయి. వాడు ఒక్క రైలెక్కాడంటే ఇక అంతే, ఎక్కడని వెతకాలి? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిందని లోకమంతా నవ్వినా బాగుండుననిపించింది.

కాపలా మనిషి కనబడితే చెయ్యి పట్టుకుంది. ఆమె తెలుగులో ఏడ్చింది, అతను తన భాషలో ఏదో అడిగాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అప్పుడామె తన చొక్కా అంచును పళ్లతో కొరికి చింపింది. గట్టిగా కుట్టిన కుట్టు, అంత తేలిగ్గా రాలేదు. ఆ పీలిక అతని చేతిలో పెట్టి, తన నడుం దగ్గర చెయ్యి ఉంచి వాడి ఎత్తు చూపించింది. అతను పీలికను చూశాడు, ఆమె చొక్కాను చూశాడు, చేతిలోని రేడియోలో గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇంతలో మొగుడొచ్చాడు. "ఇద్దర్ని కనిపెట్టుకుని ఉండలేవా?" గోరుచుట్టు మీద రోకటిపోటు. పెద్దపిల్ల మొహం ఎత్తలేదు.

ఎంతసేపటికో రేడియో పలికింది. కాపలా మనిషి రమ్మని చెయ్యి ఊపాడు. మెట్లు దిగి, కంపు కొట్టే పొడుగాటి దారెంట అతని వెనకే పరిగెత్తారు. స్టేషన్లోని చెత్తంతా చేరే గది అది. చక్రాల డబ్బా ముందు ఊడ్చే ఆమె మోకాళ్ల మీద కూర్చుని బతిమాలుతోంది. డబ్బా మూత కింద నుంచి పచ్చ చొక్కా అంచు వేలాడుతోంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని చిన్నాడు నిలబడున్నాడు. డబ్బా బాత్రూములోంచి బయటికొచ్చినప్పుడు పట్టుకున్న అంచు. ముందు నుంచి లాక్కెళ్తున్న ఆమెకు తెలియనే లేదు, స్టేషనంతా దాని వెంటే నడిచాడు.

తల్లి వెళ్లి వాటేసుకుంది. అప్పటికీ వాడు పిడికిళ్లు విప్పలేదు.

"అమ్మా, అక్క ఇందులో పడిపోయింది. నేను వదల్లేదు."

పెద్దపిల్ల మూత ఎత్తి, చెత్తలోంచి ఆ చొక్కా తీసి, అంటుకున్న మురికితో సహా టీషర్టు మీద తొడుక్కుంది. అంచు ఇంకా వాడి చేతుల్లోనే ఉంది. వాడు తలెత్తి అక్క మొహం చూశాడు. అప్పుడు గానీ వాడికి ఏడుపు రాలేదు.