ఉద్వాసన చెప్పని మిషన్లు

మా అల్లుడు కిరీటిగారు ఉయ్యూరు నుంచి గుడివాడ దాకా కాలేజీలకీ మిల్లులకీ సర్వర్లు, అంటే లెక్కలన్నీ దాచుకునే పెద్ద కంప్యూటర్లు అమ్మేవారు, పాడైతే బాగుచేసేవారు. ఇప్పుడు అందరూ తమ లెక్కలన్నీ క్లౌడ్‌లో పెట్టేసుకున్నారు. నెలనెలా అద్దె కడితే చాలు, సొంత మిషను అక్కర్లేదట. కొత్తవి కొనేవాళ్లు లేరు. పాతవి మాత్రం "తీసుకుపొండి" అంటూ ఒక్కొక్కటే వెనక్కొచ్చాయి. విజయవాడలో మా ఇంటి కింద గదిలో ఇనుప పెట్టెల్లా వరసగా నిలబడ్డాయి.

ఏటా దసరాకి వాటికి ఆయుధపూజ చేస్తారు. ఈసారి కూడా ముందున్న మిషన్ని పీట మీద పెట్టి, బొట్లు పెట్టి, బంతిపూలు వేసి అందులోకి అమ్మవారిని పిలిచారు. నేను గుమ్మం బయటే కూర్చున్నాను. వెళ్లేటప్పుడు పంతులుగారు అల్లుడుగారితో, "రేప్పొద్దున ఉద్వాసన చెప్పి దీన్ని కాస్త ఉత్తరానికి జరపండి. మీ గుండెలోంచి పిలిచిన తల్లి, వచ్చిన చోటికే వెళ్తుంది" అన్నారు.

మర్నాడు అల్లుడుగారు దాన్ని జరపలేదు.

"జరిపితే ఇంక ఇవి తుక్కేగా అత్తయ్యగారూ! ఉండనివ్వండి."

అప్పటినుంచి గదిలో హోరు మొదలైంది. ప్లగ్గులన్నీ ఊడదీసి ఉన్నాయి. అయినా తలుపు తీస్తే వెచ్చటి గాలి మొహానికి కొట్టేది. ఎండిన బంతిరేకులు అల్లల్లాడేవి. అల్లుడుగారు పొద్దస్తమానం అక్కడే కూర్చునేవారు.

"వినండి, పని చేస్తున్నాయి" అనేవారు.

"ఎవరికండీ? మీ ఒక్కరికేగా!" అని మా అమ్మాయి కీర్తన దెప్పి, పైకొచ్చి నా దగ్గర ఏడ్చింది. "తిండి లేదు, నిద్ర లేదు. ఈయన మనకి దక్కరేమోనమ్మా."

తుక్కు కొనే శివాజీని నేనే పిలిపించాను. అతను మిషను మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు.

"కరెంటు తియ్యకుండానే పిలిచారేంటమ్మగారూ?"

"వైర్లు నీ కాళ్ల కిందే ఉన్నాయి, చూడు."

చూశాడు. "ముందు ఆ తల్లిని పంపించండి. ఇలా కాగుతున్నదాన్ని నేను బండెక్కించనండి, పిల్లలు గలవాణ్ణి" అంటూ వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు.

మావారు పోయాక పూజలో కూర్చోలేదు నేను. పిలవడానికి పనికిరాని చేతులు పంపడానికైనా పనికిరావా అనుకున్నాను. అల్లుడుగారు మిషను ఎదురుగా కునికిపాట్లు పడుతున్నారు. "వచ్చిన చోటికి వెళ్లు తల్లీ" అని, పీటని ఉత్తరానికి నెట్టాను.

అన్నిటి హోరూ ఒక్కసారే ఆగిపోయింది. చల్లబడుతున్న ఇనుము టిక్కుటిక్కుమంది. అల్లుడుగారు కళ్లు తెరిచి, లేచి మేడెక్కారు. సాయంత్రానికి గది ఖాళీ అయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నారు. పప్పు వడ్డిస్తూ కీర్తన ఎన్నాళ్లకో నవ్వింది.

"ఆ ఫ్యాను కాస్త తగ్గించవే, హోరెత్తిపోతోంది" అన్నాను.

"కరెంటు పోయిందిగా అమ్మా."

నేను వంగి పెరుగు వెయ్యబోతుంటే నా మోచెయ్యి అల్లుడుగారి వీపుకి తగిలింది. చొక్కా మీదినుంచే చురుక్కుమంది. లోపల ఏదో తిరుగుతోంది, ఆగకుండా.

"వెయ్యండి అత్తయ్యగారూ" అన్నారాయన.

మాటతోపాటు వచ్చిన వెచ్చటి గాలికి అరిటాకు అంచు అల్లల్లాడింది.