విప్పని ముడి

కేస్లి రెండు జొన్నరొట్టెలు మడిచి, మధ్యన కారంముద్ద పెట్టి పాతగుడ్డలో మూటగట్టింది. అద్దాలు కుట్టిన సంచిలో ఆ మూట అడుగున పెట్టి, పైన దువ్వెన, ఒక లంగా సర్దింది. సంచి మూతికి గవ్వల తాడు బిగించి రెండు ముళ్లు వేసింది.

"వాగు దాటినంక తిను బిడ్డా. గడీల ఎప్పుడు పెడ్తరో ఏమో."

పీరికి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. దొర ఉండే గడీకి పట్నం చుట్టాలొచ్చారని, పసుపూ కారం దంచడానికి పిల్ల కావాలని, దీపావళిలోపే తిరిగి పంపిస్తామని శంషాబాద్ నుంచి గడీ మనిషి మొగులయ్య తండాకు వచ్చాడు. వెట్టికి రామంటే పశువుల్ని బందెలదొడ్డికి తోలుకుపోతారు. అతను గుడిసెల వాసన పడనట్టు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. కళ్లు మాత్రం పిల్ల మీదే ఉన్నాయి. కేస్లికి ఆ చూపు ముద్దలో వెంట్రుకలా తగిలింది.

పీరి తల్లి మెడను చుట్టుకుని రాగం ఎత్తబోయింది. తండా ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడా పట్టుకుని పాట కట్టి ఏడుస్తుంది.

"నోర్ముయ్ పిచ్చిదానా! గా ఏడుపు పెండ్లినాటికి దాసుకో."

"గప్పుడు నీకు ఏడ్వ రాకుంటే ఎట్ల యాడీ? నీ గొంతు పగిలిన కుండ. నేనే నేర్పిస్త తియ్!" అని తల్లిని వెక్కిరించి, నవ్వుతూ వెళ్లింది.

దీపావళి రేపనగా కేస్లి ఎప్పటిలాగే కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని గడీకి వెళ్లింది. అరుగు మీద పోలీసు పటేలు రామచంద్రయ్య తమలపాకు నములుతున్నాడు.

"అయ్యా, మా పోరి ఇంక ఇంటికి రాలే."

"నీ పోరి నాలుగొద్దులు దంచింది, తిన్నది, ఎవనితోనో లేసిపోయింది. మీ జాతికి ఒక తావుంటదానే?"

ఉమ్మేశాడు. ఎర్రటి తుంపర ఆమె పాదం మీద పడింది. అరుగంతా నవ్వింది.

మోపు పెరట్లో దింపింది. పట్నం చుట్టాల విందు తాలూకు ఎంగిలి విస్తళ్లు గుట్టగా కుళ్లుతున్నాయి. బొమికల మీద ఈగలు ముసురుతున్నాయి. అంట్లు తోముతున్న రాములమ్మ ఆమెను చూసి తల దించుకుంది. బూడిద చేత్తో ఆ గుట్టను చూపించింది. విస్తళ్ల కింద ఒక అద్దం ఎండకు మెరిసింది.

సంచి. రెండు ముళ్లూ తను వేసినవే. గోళ్లతో పీకి విప్పింది. దువ్వెన, లంగా. అడుగున బూజు పట్టిన రొట్టెలు. ఒక్క పంటిగాటూ లేదు. పిల్లను ఆ మొదటి పూటైనా కూర్చుని తిననివ్వలేదు. నాలుగొద్దులు దంచిందట!

అక్కడే కక్కుకుంది.

"ఛీ, జాగంతా ఖరాబు జేసినవ్! కడుగు!" లోపలి నుంచి మొగులయ్య అరిచాడు.

ఆమె కడిగింది.

తండా మొదట్లో కూలబడి, సంచిని మెడకు అదుముకుని, దాచుకోమన్న ఆ రాగం తనే ఎత్తుకుంది. సగంలోనే తప్పింది. నేర్పేవాళ్లు లేరు.

సంచి చాలా ఏళ్లు గుడిసె గుంజకు వేలాడింది. పీరి పంతొమ్మిది వందల నలభై ఆరు దీపావళికి రాలేదు. ఆ తరువాత ఏ దీపావళికీ రాలేదు.